చిలకల చుట్టూ ఎరుపు

నన్ను చూడటానికి వచ్చినవాళ్ళలో చాలామంది నాతో మాట్లాడేవాళ్ళు కాదు, నా కాళ్ళతో మాట్లాడేవాళ్ళు. దుప్పటి కింద కదలకుండా పడి ఉన్న ఆ రెంటినీ చూస్తూ "తగ్గిపోతాదిలే అప్పా" అని అరటిపళ్ళు గూట్లో పెట్టి వెళ్ళేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి ఒక పెద్దాయన అట్లా అన్నప్పుడు "ఆ మాట వాటికే చెప్పు, వింటాయేమో" అని దుప్పటి లాగి చూపించాను. పాపం, ఆయన మళ్ళీ రాలేదు.

ఇది రాస్తున్నది 1987లో. జబ్బు వచ్చి ఎనిమిదేళ్ళయింది. కాళ్ళు తిరిగి రాలేదు. మిగతావి మాత్రం ఒక్కొక్కటే ఇంటికి చేరాయి. అవి ఎట్లా చేరాయో రాసిపెట్టమని మా ఆవిడ రత్న పోరుపెడితే మొదలుపెట్టాను. మంచం పట్టినవాళ్ళు ఎవరైనా చదివితే నేను చేసిన తప్పులు వాళ్ళు చెయ్యకుండా ఉంటారని కూడా ఒక ఆశ.

నా పేరు చౌడప్ప. మదనపల్లెలో పట్టుచీరలు నేసే ఇల్లు మాది. పదిహేనో ఏట మగ్గం గుంతలోకి దిగాను. గుంతలో కాళ్ళు పెట్టి నేలమీద కూర్చుని, కాళ్ళతో చెక్క తొక్కుతూ చేతులతో అడ్డదారం మోసే నాడె విసరడమే మా పని. కాళ్ళు లేని నేతగాడు ఉంటాడని నేను ఎన్నడూ అనుకోలేదు.

1979 వానాకాలం. హార్స్లీ కొండ మీదినుంచి చలిగాలి దిగే రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులకు తగ్గింది. ఐదో రోజు మగ్గం దగ్గర కూర్చుంటే కాలు చెక్క మీద ఉందో లేదో తెలియలేదు. వంగి చూసుకున్నాను. ఉంది. తొక్కమంటే తొక్కలేదు. తిమ్మిరి అనుకుని నవ్వుకున్నాను కూడా. మరుసటి రోజుకు నడుము, ఆ తర్వాత చేతులు.

నన్ను పెద్దాసుపత్రికి తీసుకుపోయింది రత్నే. మా సందులోకి ఏ బండీ రాదు. మగవాళ్ళు ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగుదామని మా అమ్మ అంటుంటే, రత్న కొంగు బిగించి, "ఎక్కు మామా" అని నన్ను వీపున వేసుకుంది. ఎక్కడానికి నాలో ఏముంది? ఆమే లాగి వేసుకుంది. కుప్పం పిల్ల, మా అక్క కూతురు. చిన్నప్పటినుంచి బావి నీళ్ళు మోసి మోసి గట్టిపడిన కాళ్ళు. సందు చివరిదాకా మోసుకుపోయి జట్కాలో పడేసింది. దారంతా నా చెంప ఆమె జడకు ఆని ఉంది. సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు సిగ్గు పడినందుకు ఇప్పుడు సిగ్గుపడతాను.

ఆసుపత్రిలో రెండున్నర నెలలు. నరాలకు వచ్చిన జబ్బు అన్నారు. కొందరికి అంతా తిరిగొస్తుందని, కొందరికి కొంతే వస్తుందని చెప్పారు. నాకు గుర్తుండిపోయింది జబ్బు కాదు, వరండాలో బల్ల. డాక్టరు కోసం, చీటీ కోసం, సూది కోసం, అన్నింటికీ ఆ బల్ల మీదే కాచుకోవాలి. పక్కన కలకడ నుంచి వచ్చిన ఒక అమ్మ, పేరు నరసమ్మ. ఆమెకు ఎడమపక్క పడిపోయింది. మాట కూడా సగమే వచ్చేది. మజ్జిగ చెంబు తెచ్చుకుని, తను ఒక గుక్క తాగి, అడగకుండానే నా నోటికి పెట్టేది. నా చేతులు లేవవు, ఆమెకు ఒకటే లేస్తుంది. ఆ మజ్జిగ నేను జన్మలో మరిచిపోను.

చేతులు మెల్లిగా వచ్చాయి. వణుకుతూ వచ్చాయి. కాళ్ళు రాలేదు. 1980 సంక్రాంతి దాటాక ఇంటికి పంపేశారు.

ఇంట్లో అసలు జబ్బు మొదలైంది. పడుకున్నచోటునుంచి మగ్గం కనపడేది. దాని మీద సగం నేసిన చీర, దానిమీద దుమ్ము. రోజంతా చూసేవాణ్ణి. రాత్రి ఎట్లాగో గడిచేది గానీ పగలు గడిచేది కాదు. గుండె దడదడలాడేది. ఇంక నేనేం చేస్తాను, ఈ ఇంట్లో నేనెవర్ని అని ఒకటే ఆలోచన. దాన్ని భయం అనుకోవడానికి మనసొప్పక కోపం చేసుకున్నాను. అన్నం చల్లగా ఉందని కోపం, వేడిగా ఉందని కోపం. మూడేళ్ళ మా కూతురు గౌరి నవ్వితే కూడా కోపం.

ఆ ఎండాకాలం ఒకరోజు రత్న మగ్గం మీద దుమ్ము దులిపింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"మామా, నేను దిగుతాను. నువ్వు పక్కన కూర్సోని సెప్పు. నేర్సుకుంటా."

మా ఇంట్లో ఆడవాళ్ళు దారం కండెలు చుడతారు, పడుగు పోగులు సరిచేస్తారు. గుంతలోకి దిగరు. అది మా తాతలనాటి కట్టు. కట్టు మాట అటుంచి, అది నా చోటు. నేనింకా బతికే ఉన్నాను.

"నేను సచ్చినంక దిగుదువుగానీ పో" అన్నాను.

"అట్ల యాల అంటావు? మగ్గం ఊరికే ఉండాది. నా కాళ్ళు ఊరికే ఉండాయి."

ఆ మాట ఆమె మంచికే అంది. నాకు మాత్రం 'నీ కాళ్ళు లేవు' అన్నట్టు వినిపించింది. చేతికందిన చెంబు విసిరాను. వణికే చెయ్యి కదా, ఎక్కడికో విసిరితే ఎక్కడో పడింది. గౌరి పక్కన పడింది. పిల్లకు తగల్లేదు. అది ఏడవను కూడా లేదు, నన్నే చూస్తూ ఉండిపోయింది.

రత్న లేచింది. బట్టలు మూట కట్టుకుంది. వాకిట్లో ఆగి, "నేను నిన్ను ఇడిసిపెట్టి పోలేదు మామా. నీ కోపాన్ని ఇడిసిపెట్టి పోతాండాను. అది పోయినాక జాబు రాయి" అని, పిల్లను చంకనేసుకుని కుప్పం బస్సుకు వెళ్ళిపోయింది.

మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు సంగటి ముద్ద పెడుతూ అంది: "ఆ పిల్ల నిన్ను ఈపున మోసింది. నువ్వు నోటితో తోసేసినావు. తిను."

జాబు రాద్దామని కాగితం తీసుకున్నాను. చెయ్యి వణికి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చింపేశాను. అయినా ఏమని రాస్తాను? కోపం ఎక్కడికీ పోలేదు.

ఆ స్థితిలో వచ్చాడు మస్తాన్ సాయబు. పుంగనూరు మనిషి. మా వాడలో సగం మగ్గాలకు అంచు డిజైన్లు ఆయనవే. చిన్నచిన్న గళ్ళున్న గ్రాఫు కాగితం మీద మామిడిపిందో నెమలో గీసి, గళ్ళను ఎర్రరంగుతో నింపుతాడు. ఆ ఎర్రగళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతాడు. ఆ అట్టలు మగ్గం మీద ఉండే జకార్డు అనే పరికరానికి ఎక్కిస్తే, ఎర్రగడి ఉన్నచోటల్లా ఒక దారం పైకి లేస్తుంది. అట్లా బొమ్మ పడుతుంది.

ఆయన నా కాళ్ళ వైపు చూడలేదు. నేరుగా నా మొహంలోకి చూసి, "ఏం చేస్తాండావు చౌడప్పా?" అన్నాడు.

"ఇంటి దూలాలు లెక్కపెడతాండాను భాయ్."

"ఎన్ని ఉండాయి?"

"పదకొండు."

"నిన్న?"

నాకు నవ్వొచ్చింది. ఎన్ని నెలల తర్వాతో. ఆయన సంచిలోంచి ఒక పాత గ్రాఫు కాగితం, ఎర్రరంగు బుడ్డి, సన్నటి కుంచె తీసి నా పక్కన పెట్టాడు. వెనక ఒక అట్ట పెట్టి దాన్ని నా ఒడిలో ఏటవాలుగా నిలబెట్టాడు.

"గళ్ళు నింపు."

"ఏం బొమ్మ?"

"బొమ్మ లేదు, ఏం లేదు. ఒక గడి తీసుకో. ఊపిరి తీసుకో. వదిలేటప్పుడు కుంచె ఆనించు. గడి నిండేదాకా గడినే సూడు. పక్క గడి సంగతి నీకెందుకు? మా అబ్బాజాన్ పోయినప్పుడు నేను నలభై దినాలు ఇదే చేసినా. యాల అని అడగొద్దు, చెయ్."

చిన్నపిల్లల పని అనుకున్నాను. ఆయన వెళ్ళాక మొదటి గడి నింపబోతే రంగు నాలుగు గళ్ళకు పారింది. కుంచె విసిరికొట్టాను. మా అమ్మ దాన్ని తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టింది. మధ్యాహ్నం ఇంకేమీ తోచక మళ్ళీ పట్టుకున్నాను. ఆ రోజు ఆరు గళ్ళు. ఆరింట్లో ఒక్కటే గీత దాటకుండా నిండింది. ఆ ఒక్కదాన్ని ఎంతసేపు చూసుకున్నానో.

ఎవరైనా అడిగితే ఇందులో మాయేమీ లేదని చెబుతాను. గడి చాలా చిన్నది. అది నింపే కాసేపు రేపటి గురించి ఆలోచించడానికి వీలుండదు. ఆలోచిస్తే రంగు గీత దాటుతుంది. దాటితే మళ్ళీ గడి దగ్గరికి రావాలి, అంతే. వారం తిరిగేసరికి, గుండె దడ మొదలవగానే చెయ్యి దానంతటదే కుంచె కోసం వెతికేది. నెల తిరిగేసరికి వణుకు తగ్గింది. పూర్తిగా పోలేదు, నా మాట వినడం నేర్చుకుంది.

మంగళవారం మంగళవారం చేతుల వ్యాయామానికి ఆసుపత్రికి పోవాలి. కాగితాలు వెంట తీసుకుపోయేవాణ్ణి. అదే బల్ల మీద, తనూ ఆ రోజే వచ్చే నరసమ్మ చూసి, ఉన్న సగం మాటతోనే "నా...కి" అంది. కుంచె ఇచ్చాను. ఆమె ఎరుపు వద్దంది. సిస్టరమ్మ ఖాళీ మందుసీసాల్లో నీలం, పసుపు కలిపి తెచ్చింది. గుర్రంకొండ దగ్గర రాళ్ళ పనిలో కాలు పోగొట్టుకున్న ఒకాయన ముందు మమ్మల్ని చూసి నవ్వాడు. తర్వాతి వారం జరిగి కూర్చుని తనకూ ఒక కాగితం అడిగాడు. ఆయన గళ్ళను అసలు పట్టించుకునేవాడు కాదు, మొత్తం ఒకటే పచ్చరంగు పూసేవాడు. అడిగితే "నా సేను" అన్నాడు. మేమెవరమూ ఆ బల్ల మీద జబ్బుల గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు. పేరు పిలిచినా ఒక్కోసారి వినిపించేది కాదు. సిస్టరమ్మ వచ్చి భుజం తట్టి, "ఈ గడి అయినాక రాండప్పా" అనేది.

1981లో, ఎండలు ముదరకముందు, సాయబు ఒక కొత్త కాగితం తెచ్చాడు. ఈసారి దానిమీద బొమ్మ ఉంది. పెన్సిలుతో గీసిన చిలకల వరస.

"ఇది నిజం పని. కొత్త అంచు. నింపిపెట్టు, వచ్చే నెల అట్టలు కొడతా."

ఆ నెల నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. నాకు పని ఉంది. పొద్దున్నే మొహం కడుక్కుని, కుంకుమ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒక్క గీత దాటలేదు. ఒక్క గడి వదల్లేదు. సాయబు వచ్చిన రోజు కాగితం గుడ్డలో చుట్టి ఆయన చేతికిచ్చాను.

ఆయన విప్పాడు. ఎదురుగా పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు. తర్వాత గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు.

"ఏమయింది భాయ్?"

"చిలకల్లో రంగు వెయ్యమన్నా గదప్పా. నువ్వు చిలకల్ని వదిలేసి చుట్టూరా వేసినావు!"

చూశాను. నిజమే. చిలకలన్నీ తెల్లగా ఖాళీగా ఉన్నాయి, చుట్టూ ఉన్న చోటంతా ఎర్రగా నిండి ఉంది. నెలంతా కాగితం ఒడిలో పెట్టుకుని కూర్చున్నా నాకు తప్పు కనపడలేదు. ఎందుకు కనపడలేదో నేతగాడికి అయితే చెప్పక్కర్లేదు. మేము బొమ్మ అంచు నేసేటప్పుడు చీర మగ్గం మీద బోర్లా ఉంటుంది. మంచి మొహం నేల వైపు, వీపు మా వైపు. బొమ్మ ఉన్నచోట జరీ కిందికి పోతుంది. బొమ్మ లేనిచోట పైన తేలుతుంది. అందువల్ల నేసేవాడి కంటికి చిలక ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, దాని చుట్టూ బంగారం మెరుస్తుంటుంది. సరిగా పడిందో లేదో కింద అద్దం పెట్టి చూసుకోవాలి. పదమూడేళ్ళు నేను చూసిన చిలక అదే. చేతికి అదే వచ్చింది.

"నువ్వింకా గుంతలోనే కూర్సోని ఉండావు చౌడప్పా" అన్నాడు సాయబు, కళ్ళు తుడుచుకుంటూ.

నాకు ఆ పాత మంట లేచింది. పక్కనే బుడ్డి ఉంది, విసరడానికి. నేను దాని మూత తీసి, పాత కాగితం మీద ఒక గడి నింపాను. ఇంకొకటి నింపాను. సాయబు నవ్వు ఆపి చూస్తూ ఉన్నాడు. మూడో గడికి నాకే నవ్వొచ్చింది.

"పారెయ్యి భాయ్. ఇంకోటి గియ్యి."

ఆయన పారెయ్యలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి ఏదో లెక్కేసుకున్నాడు.

"ఆగప్పా. దీనికే అట్టలు కొడితే ఏమయితాది? చీర మంచి మొహం పైకే పడతాది. నేసేవాళ్ళకు చిలక ఎదురుగానే కనపడతాది. అద్దం వద్దు. కొత్తవాళ్ళు కూడా తప్పు తెలుసుకుంటా నేయొచ్చు. ఒకటే కష్టం. చుట్టూరా దారాలన్నీ లేవల్ల, కాలికి శానా బరువు. అంత బలంగా ఎవురు తొక్కుతారు?"

"మా రత్న తొక్కుతాది" అన్నాను.

ఆలోచించి అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక నేనే అదిరిపోయాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా అమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. కట్టు గురించి ఏమంటుందో అని చూశాను. ఆమె సాయబుతో, "కుప్పానికి మద్దేనం బస్సు ఉండాదా అప్పా?" అంది.

జాబు రాయలేదు. నేనే పోయాను. బస్సులోకి సాయబు, ఇంకో ఇద్దరు ఎత్తి కూర్చోబెట్టారు. అందరూ చూస్తున్నారు. ఒకప్పుడైతే కళ్ళు మూసుకునేవాణ్ణి. ఈసారి ఎత్తినవాళ్ళ మొహాలు చూసి దండం పెట్టాను. పుంగనూరులో దిగి సాయబు ఇంట్లో కుస్కా అన్నం తిన్నాం. కుప్పం దాకా తోడు వస్తానని ఆయనే పట్టుబట్టాడు. పలమనేరు దాటాక నాకు దడ మొదలైంది. ఆమె రానంటే? కిటికీ ఊచల మధ్య కనపడే ఒక్కో పొలాన్ని ఒక గడి అనుకుంటూ, ఊపిరి తీసి వదులుతూ కూర్చున్నాను.

రత్న వాళ్ళ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను నులకమంచం మీద దించి సాయబు వీధిలోకి వెళ్ళిపోయాడు. గౌరి వాళ్ళమ్మ వెనక నక్కి చూసింది. నేను చేతులు చాపలేదు. రంగు బుడ్డి, కుంచె నేలమీద పెట్టి ఊరుకున్నాను. కాసేపటికి అదే వచ్చి బుడ్డి మూత తిప్పింది.

"కోపం పోయిందా మామా?" అంది రత్న, తలెత్తకుండా.

"అంతా పోలేదు మే. వచ్చినప్పుడు ఏం చెయ్యల్లో తెలిసింది."

కాగితం ఇచ్చాను. తప్పు ఎట్లా జరిగిందో చెప్పాను. సాయబు అన్నమాట చెప్పాను. ఆమె ఖాళీ చిలకల మీద వేలు పెట్టి ఒక్కోదాన్ని తడిమింది.

"దీన్ని ఎవురు తొక్కల్ల?"

"నువ్వే. నాకు ఇంతకంటే అడగడం చేతకాదు రత్నా. నువ్వు గుంతలో దిగు. నేను పక్కన కూర్సుంటా."

ఆమె చేతులు దులుపుకుంది. చింతపండు బుట్ట పక్కకు పెట్టింది. "చెంబు విసరవు గదా?" అంది.

"విసిరినా తగలదులే" అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గౌరి మాత్రం నా పంచె మీద ఎర్రటి గళ్ళు వేస్తూ చాలా శ్రద్ధగా కూర్చుంది.

మదనపల్లెలో అట్టలు ఎక్కించిన రోజు రత్న గుంత అంచుకు దండం పెట్టి లోపలికి దిగింది. నేను పక్కనే నేలమీద చాప వేయించుకుని కూర్చున్నాను. చెక్క బరువుకు మొదట్లో ఆమె పళ్ళు బిగించేది. పోగులు తెగాయి, కలిశాయి, మళ్ళీ తెగాయి. నేను నోటితో నేశాను, ఆమె కాళ్ళతో చేతులతో నేసింది. నాలుగో రోజు పొద్దున అంచులో ఒక బంగారు ముక్కు కనిపించింది. తర్వాత తల, తర్వాత మెడ. అద్దం లేదు. వంగి చూడక్కర్లేదు. పదమూడేళ్ళలో నేస్తుండగా నేను ఎన్నడూ చూడని చిలక, నిండుగా మా ఇద్దరి ముందుకే వచ్చింది.

నేను దాన్ని దగ్గరగా చూడాలని మగ్గం మీదికి వంగిపోయాను.

"మామా, పక్కకు జరుగు. ఎలుతురు పడలే" అంది రత్న, తల తిప్పకుండా.

రెండేళ్ళుగా నన్ను అందరూ జరుపుతూనే ఉన్నారు. జరుగు అని ఎవరూ అనలేదు. రెండు చేతులూ నేలకు ఆనించి, నేనే జరిగాను.